ఉలికిపడే గేటు

ఆ ఏడు మామిడి సీజనులో మా షెడ్డు ఆడవాళ్ళు గెలిచారు. ఆ గెలుపు పేరు చెప్పి ఎవరైనా నా భుజం తడితే ఇప్పటికీ పక్కకు తప్పుకుంటాను. ఎందుకో ఎవరూ అడగరు. అందుకే నేనే చెబుతున్నాను. నాకు చక్కగా చెప్పడం రాదు, బల్లగుద్ది చెప్పడమే వచ్చు.

మాది బోవెన్, సముద్రం ఒడ్డున మామిడితోటల ఊరు. భూమధ్యరేఖకు దిగువన మాకు ఎండాకాలం నవంబరు నుంచి జనవరి దాకా, అప్పుడు ఊరంతా మామిడి సొన వాసన. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన విన్స్, లోసే. లోసే మాకు బంధువు కాదు. టోంగా దీవుల నుంచి సీజను పనికి వచ్చిన మనిషి. మొదటి ఏడు కంపెనీ హాస్టల్లో గదికి ఎనిమిదిమంది చొప్పున ఉండి, నిద్ర చాలక షెడ్డులో బెల్టు పక్కన తూలుతుంటే నేనే చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. ఇది తన మూడో సీజను. వెనక వరండాలో తన మంచం, తన బైబిలు, సగం అల్లిన మొగలి చాప. ఫిబ్రవరిలో కూతురికి తొలి కాన్పు. బిడ్డ పుట్టగానే పడుకోబెట్టేది అమ్మమ్మ అల్లిన చాప మీదేనట, వాళ్ళింట్లో ఆనవాయితీ. సన్నగా చీల్చిన మొగలి ఆకుల్ని వేళ్ళ కొసలతో తడుముతూ అల్లేది. కళ్ళు దానివైపు ఉండేవే కావు. నాతో వాదిస్తూనే అల్లేది.

మామిడికాయలు ఏరి పెట్టెలకెత్తే ఆ షెడ్డులో నేను ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. పద్నాలుగేళ్ళుగా యూనియన్ ప్రతినిధిని. మా ముత్తాతను ఓడలో ఎక్కించి తెచ్చి ఈ నేల మీద చెరకు నరికించారు. అందుకని యజమాని అనేవాడు నవ్వినా నాకు అనుమానమే.

షెడ్డులో కాయలను మోసుకొచ్చే బెల్టు చివర రెండు దారులు చీలతాయి. మంచి కాయ ఎడమకి, మచ్చ కాయ కుడికి. చీలిక దగ్గర ఒక ఉక్కు గుంజ, దాని ముందు రేకు గేటు. ఆ గేటును అటూ ఇటూ తోసేది ఇనప లివరు. లివరు దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఒక్క షిఫ్టులో మూడు నాలుగు వేలసార్లు దాన్ని తోస్తుంది. సీజను మొదలైన కొద్ది రోజులకే అందరికీ మణికట్లు వాచిపోతాయి. రెండేళ్ళు అరిచాను, కాగితాలు పెట్టాను, టీ విరామంలో మామిడి పెట్టె ఎక్కి ఉపన్యాసాలిచ్చాను. మేనేజరు గ్రేమ్ ప్రతిసారీ ఒకటే మాట: “వచ్చే ఏడు చూద్దాం, డెల్మా.”

సీజను మొదలైన రెండో వారం. ఆదివారం. లోసే చేమాకుల్లో మాంసం పెట్టి, కొబ్బరిపాలు పోసి చుట్టి, ఆవిరికి పెట్టింది. ఉడికాక గిన్నె మూత తీయబోతే చెయ్యి లేవలేదు. వాచిన మణికట్టును దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“డెల్మక్కా, ఇది నా చెయ్యేనా? ఎవరిదో తెచ్చి తగిలించారా?”

విన్స్ మూత తీస్తూ అన్నాడు. “కంపెనీవాళ్ళు ఒక మనిషి చేత ఇద్దరి పని చేయిస్తారని తెలుసు. ఒక చేతిని రెండు చేతులంత చేస్తారని ఇప్పుడే చూస్తున్నా.”

లోసే పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాకు కోపం వస్తే చేతులు ఊరుకోవు. నేను ఏ బడిలోనూ చదువుకోని పని ఒకటుంది, పాడైనవి విప్పడం. రేడియోలు, నీటి పంపుల టైమర్లు, విన్స్ మోడల్ పడవలు. ఆ పడవల్లో చుక్కాని తిప్పే చిన్న మోటారు ఉంటుంది, సర్వో అంటారు. మామూలు మోటారులా గిరగిరా తిరగదు. ఇంత కోణం తిరుగు అంటే అంతే తిరిగి, అక్కడే బిగుసుకుని నిలబడుతుంది. గేటుకి కావలసింది అదే కదా!

“నా పడవ చుక్కాని పీకేశావా?” అని విన్స్ లబలబలాడాడు.

“నీ పడవ బాత్‌టబ్బు దాటి ఎక్కడికి పోవాలి?”

వారంలో వంటింటి బల్ల మీద బొమ్మ తయారైంది. బడివాళ్ళు పారేసిన పాత కంప్యూటరు మౌస్ ఒకటి. దాని మాట వినడానికి అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు. ఆ బోర్డు చెప్పినట్టు తిరగడానికి సర్వో. మౌస్‌ను వేలెడంత ఎడమకి జరిపితే గేటు ఎడమకి, కుడికి జరిపితే కుడికి. అంతే. మణికట్టుతో పనే లేదు. పైగా ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళకి పెట్టుకోవచ్చు: లోసేకి గోరంత కదిలిస్తే చాలు, ఇంకొకరికి బెత్తెడు.

లోసేను కూర్చోబెట్టి మౌస్ చేతికిచ్చాను. అట్టముక్క గేటు అటూ ఇటూ ఊగింది. తను మళ్ళీ మళ్ళీ జరిపి చూసింది.

“వింటోంది అక్కా, నా మాట వింటోంది! విన్స్ కంటే నయం.”

విన్స్ కెటిల్ పెట్టి, పక్కనే రొట్టె కాల్చే యంత్రం కూడా పెట్టాడు. మా ఇంట్లో ఆ రెండూ కలిపి పెడితే ఫ్యూజు పోతుందని ముప్పై ఏళ్ళుగా తెలుసు, ముప్పై ఏళ్ళుగా పెడుతూనే ఉన్నాడు. టప్పున అంతా ఆగిపోయింది. గొణుక్కుంటూ వెళ్ళి ఫ్యూజు ఎత్తాడు. కరెంటు వచ్చీరాగానే గేటు ఒక్క గెంతు గెంతి, పక్కనున్న టీ కప్పును ఎగరగొట్టింది.

ఎందుకు గెంతిందో నాకు వెంటనే అర్థమైంది. మౌస్ ఎప్పుడూ నేనిక్కడున్నాను అని చెప్పదు. ఇంత జరిగాను అని మాత్రమే చెబుతుంది. ఎక్కడికి వచ్చామో కూడుకోవలసింది బోర్డు. కరెంటు పోతే బోర్డు ఆ లెక్కంతా మరిచిపోతుంది. మళ్ళీ లేవగానే నట్టనడుమ ఉన్నాననుకుని, మోటారును బలం కొద్దీ అక్కడికి విసురుతుంది.

“నిద్రలోంచి లేపితే ఉలిక్కిపడింది, పాపం,” అంది లోసే కప్పు ముక్కలు ఏరుతూ. “ఇది సరిచెయ్యాలి అక్కా. షెడ్డులో గేటు అట్టముక్క కాదు.”

“చేస్తానులే. అదెంత పని!”

నిజంగానే ఎంతో పని కాదు. కరెంటు వచ్చాక, మనిషి మౌస్ బటన్ నొక్కేదాకా మోటారుకు ఏ కబురూ పంపవద్దని బోర్డుకు చెప్పాలి. అదే రాయాలి. రాస్తాననుకున్నాను.

గ్రేమ్ ఒప్పుకోలేదు. బొమ్మను వాడి బల్ల మీద పెట్టి ఆడించి చూపించాను.

“షెడ్డులో ఆటవస్తువులు పెట్టనివ్వను.”

“నీ లివరు కంటే ఈ ఆటవస్తువే నయం. చేతులు చూశావా వాళ్ళవి?”

“పద్ధతి ప్రకారం పరీక్ష జరగాలి, కాగితాలు కావాలి…”

“వాచిన చేతులకి కాగితాలు ఎవరిచ్చారు?”

మర్నాడు టీ విరామం అయిపోయిన గంట కొట్టినా ఎవరూ లేవలేదు. సీజను పనికొచ్చిన ఇరవై ఆరుమంది ఆడవాళ్ళూ బోర్లించిన పెట్టెల మీద అలాగే కూర్చున్నారు. లోసేకు వరసకు చెల్లెలు ఆనా మెల్లగా ఒక కీర్తన ఎత్తుకుంది. మిగతావాళ్ళు గొంతులు కలిపారు. వాళ్ళ పాటలో నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోతాయి. కింది దారి లోసేది, నేలలోంచి వచ్చినట్టుంటుంది. బయట లారీల్లో కాయ పండిపోతోంది. నాలుగు కీర్తనలయ్యాక గ్రేమ్ వచ్చాడు.

“సరే. నీ బాధ్యత మీద పెట్టుకో. ఇదిగో, ఇక్కడ సంతకం చెయ్యి.”

కాగితం మీద ఏముందో సగం కూడా చదవలేదు. పరికరం సురక్షితమని తయారుచేసినవారి హామీ అని ఉంది. నిలబడే సంతకం గీకేశాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పడవ మోటారుకు నాలుగింతల పెద్దది తెప్పించి గేటుకు బిగించాను. పెద్ద బెల్టు కరెంటుతో కలపనివ్వనన్నాడు గ్రేమ్. దాంతో నా పెట్టె ప్లగ్గు గోడకు విడిగా పెట్టాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మొదటిరోజు స్టూలు మీద లోసే కూర్చుంది. పలక మీద మౌస్, చూపు కాయల మీద. కాయ వస్తుంది, వేలు కదులుతుంది, గేటు తిరుగుతుంది. పక్కనుంచి ఆనా ఏడిపించింది.

“చూడండమ్మా, మా అక్క ఆఫీసరమ్మ అయిపోయింది! కూర్చుని జీతం తీసుకుంటోంది!”

“నోర్మూసుకుని కాయలు తుడవవే. మచ్చ కనబడితే నిన్నే కుడివైపు తోసేస్తా.”

పది రోజుల్లో మణికట్ల వాపులు తీశాయి. లోసే చాప మళ్ళీ పెరగడం మొదలైంది. పక్క ఊళ్ళ షెడ్లనుంచి వచ్చి చూసిపోయారు. యూనియన్ ఆఫీసువాళ్ళు పిలిచి మాట్లాడమన్నారు. పత్రికవాళ్ళు మౌస్ చేతికిచ్చి ఫొటో తీశారు. వారానికి రెండు ఊళ్ళు తిరిగేదాన్ని. కార్మికుడి చేతిని కాపాడేది కార్మికుడి చెయ్యే అని అరిచేదాన్ని. జనం లేచి నిలబడేవాళ్ళు. ఇంటికొచ్చి, బోర్డు మీద రాయవలసిన ఆ నాలుగు ముక్కలు రేపు రాద్దామనుకునేదాన్ని. ఆ రేపులు మూడు వారాలు గడిచాయి.

డిసెంబరు పదమూడు. పొద్దున్నే ఆకాశం సీసంలా ఉంది. మా దగ్గర ఆ నెల్లో మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి, కరెంటు కనురెప్ప కొట్టినట్టు పోయి వస్తుంది. కారులో షెడ్డుకు పోతున్నాం. నేను నడుపుతున్నాను. సాయంత్రం ఎయిర్ అనే ఊళ్ళో ఉపన్యాసం ఉంది. ఎయిర్ ఇక్కడికి గంటంపావు దూరం. మనసులో మాటలు కూర్చుకుంటున్నాను.

“డెల్మక్కా, ఇవాళ వాన పడేట్టుంది.”

“ఊఁ.”

“ఆ గేటు ఉలికిపాటు సరిచేశావా?”

“ఆ, ఎప్పుడో.”

ఇంతే. నేనన్నది ఇంతే. ఎందుకన్నానో ఏళ్ళతరబడి తవ్వి చూసుకున్నాను. భయం కాదు, దురాలోచనా కాదు. విసుగు. నా ఉపన్యాసంలో రెండో పేరా కుదరక ఆ విసుగు. లేదు అంటే, ఇంకా ఎందుకు చెయ్యలేదని అడుగుతుంది, జవాబు చెప్పాలి. ఆ అంటే మాట అయిపోతుంది. రోడ్డు మీంచి చూపు కూడా తిప్పలేదు. “మంచిది,” అని లోసే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రెండు దాటాక పిడుగు పడింది. దీపాలు పోయాయి. బెల్టు ఆగింది.

షెడ్డులో కరెంటు పోతే ఏం చెయ్యాలో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నాకంటే ముందు తరం ఆడవాళ్ళ నుంచీ వస్తున్న పద్ధతి అది. పెద్ద బెల్టు ఒకసారి ఆగితే, కరెంటు తిరిగొచ్చినా తనంతట కదలదు. ఫోర్‌మన్ వచ్చి పచ్చ బటన్ నొక్కాలి. కాబట్టి కరెంటు పోయిన సమయమే చేతులు పెట్టే సమయం. ఇరుక్కున్న కాయలు, నలిగిన తొడిమలు, సొన అంటి జిగటపట్టిన ఆకులు, అన్నీ అప్పుడే లాగేస్తారు. బెల్టు తిరుగుతుండగా చెయ్యి పెట్టడం పిచ్చితనం, ఆగినప్పుడు పెట్టకపోవడం సోమరితనం. ఈ పద్ధతి నేనే కొత్తవాళ్ళకు నేర్పేదాన్ని. పద్నాలుగేళ్ళు నేర్పాను.

చీకట్లో ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు, ఎప్పుడూ ఎత్తుకున్నట్టే. అందరి చేతులూ బెల్టులోకి పోయాయి. నేను ఇవతలి చివర నిలబడి, పై రేకు మీద వాన చప్పుడు వింటూ, సాయంత్రం దారిలో నీళ్ళు వస్తాయేమోనని ఆలోచిస్తున్నాను. లోసే స్టూలు దిగి గేటు దగ్గరికి పోవడం చూశాను. చూశాను. గేటును చేత్తో కుడికి తోసి, గుంజకీ దానికీ నడుమ వేళ్ళు పెట్టి, ఇరుక్కున్న కాయను లాగుతోంది.

దీపాలు వెలిగాయి. పెద్ద బెల్టు కదల్లేదు. కదలదు కదా. నా పెట్టె ఒక్కటే లేచింది.

అరుపు వినబడలేదు. పాటలో కింది దారి తెగిపోయింది. మిగతా మూడు గొంతులూ ఒక చరణం పాడుకుంటూ పోయి, ఏదో తక్కువైందని ఒక్కొక్కటే ఆగాయి. నేను గోడకున్న ప్లగ్గు పీకాను. గేటు వదులైంది. లోసే తన చేతిని రెండో చేత్తో పట్టుకుని నేలమీద కూర్చుంది. కాయ ఇంకా గేటులోనే ఉంది, మచ్చ లేని కాయ.

చూపుడు వేలు పై కణుపు పోయింది. మధ్యవేలు కుట్లు వేసి నిలబెట్టారు గానీ దానికి ఇక స్పర్శ తెలియదన్నారు. మూడోరోజు గ్రేమ్ ఫారం పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. వాడు చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పడం నాకు కష్టంగా ఉన్నా. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. చివరికి వచ్చాడు.

“కరెంటు రాగానే ఆ గేటు కదులుతుందని ముందే ఎవరికైనా తెలుసా?”

అడుగుతున్నప్పుడు నావైపే చూశాడు. నేను సెలైను సీసావైపు చూశాను. చుక్క పడుతోంది. ఇంకో చుక్క.

“నాకు తెలుసండీ,” అంది లోసే. “వాళ్ళింట్లో బల్ల మీద చూశాను. మరిచిపోయి చెయ్యి పెట్టాను. తప్పు నాదే.”

గ్రేమ్ రాసుకున్నాడు. ఎడమచేత్తో సంతకం పెట్టింది. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను.

ఆదివారం ఆ బోర్డును వంటింటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. రాయవలసింది రాశాను. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాను. గేటు కదల్లేదు. మౌస్ బటన్ నొక్కాక మెల్లగా లేచింది. గోడ గడియారం చూశాను. పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

విన్స్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి జోకు లేకుండా మాట్లాడటం నాలుగైదుసార్లు విన్నాను.

“చెబుతావా?”

“చెబితే అంతా పోతుంది. కూలివాళ్ళ చేతికి పరికరం ఇస్తే ఇదే గతి అంటారు. మళ్ళీ లివరు తెస్తారు.”

“నేనడిగింది అది కాదు, డెల్మా.”

కెటిల్ పెట్టాడు. రొట్టె యంత్రం జోలికి పోలేదు.

మంగళవారం సభ. యూనియన్ ఆఫీసునుంచి పెద్దలు, పత్రికవాళ్ళు, నాలుగు షెడ్ల జనం. పెట్టె ఎక్కాను. కరెంటు పోతే తప్ప శుభ్రం చేసుకునే తీరిక ఇవ్వనిది ఎవరన్నాను. రెండేళ్ళు అడిగినా గేటు మార్చనిది ఎవరన్నాను. పెద్ద బెల్టు కరెంటుతో కలిపితే గేటూ ఆగి ఉండేది, కలపనివ్వనిది ఎవరన్నాను. అన్నీ నిజాలే. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆనా లోసే ఏప్రాన్ ఎత్తి పట్టుకుంది. నేను చెప్పనిది ఒక్కటే, ఆ ఒక్కటీ గేటులో కాయలా అడ్డం పడి ఉంటే దాని చుట్టూ తిరిగి మిగతా నిజాలు ఎంత ధాటిగా వచ్చాయో!

వారంలో కంపెనీ దిగొచ్చింది. చుట్టూ రక్షణగా అడ్డున్న కొత్త యంత్రం, రెండు గంటలకోసారి శుభ్రం చేసుకునే విరామం, మణికట్టు నొప్పికి డాక్టరు. గెలిచాం.

జనవరి మూడో వారంలో వచ్చే సీజనుకు మళ్ళీ పిలిచేవాళ్ళ జాబితా గోడకు అంటించారు. ఇరవై అయిదు పేర్లున్నాయి, లోసే పేరు లేదు. గ్రేమ్‌ను అడిగితే ఫారం తిరగేసి చూపించాడు.

“ప్రమాదం ఉందని తెలిసీ చెయ్యి పెట్టానని తనే రాసిచ్చింది. అలాంటి మనిషిని మళ్ళీ పిలవకూడదు, రూలు. నువ్వే కదా పద్నాలుగేళ్ళుగా భద్రత భద్రత అని నా ప్రాణం తీస్తున్నావు?”

లోసేకు నేనే చెప్పాను. చాప ముందు కూర్చుని ఉంది. కట్టు విప్పేశారు. ఎడమచేత్తో ఆకు పట్టుకుని కుడిచేత్తో తడమబోయి, ఆకు ఎక్కడుందో తెలియక వంగి కళ్ళతో వెతుకుతోంది. విని, ఒక ఆకు దాటించి, లాగింది. వదులుగా పడింది. విప్పేసింది.

“ఫిబ్రవరికి అవ్వదులే,” అంది. ఎవరికి చెప్పిందో నాకు తెలియదు.

లోసే ఊరికి బయలుదేరిన రోజు బస్సు దగ్గర విన్స్ సామాను ఎక్కిస్తున్నాడు. నేను తన భుజం పట్టి ఆపాను.

“లోసే, ఆ రోజు కారులో నువ్వడిగావు చూడు…”

“తెలుసు అక్కా.”

“నేను చెయ్యలేదు. చెయ్యకుండానే…”

“తెలుసన్నాను కదా.”

“తెలిస్తే చెయ్యెందుకు పెట్టావు?”

తను నావైపు వింతగా చూసింది, ఇంత తెలివితక్కువదానివా అన్నట్టు.

“అప్పుడు తెలీదు. నువ్వు ఆ అన్నావు, అందుకని పెట్టాను. గేటు పడ్డాక తెలిసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట అన్నప్పుడు నువ్వు నా మొహం చూడలేదని.”

“మరి గ్రేమ్‌తో అలా ఎందుకన్నావు?”

“నువ్వు చెబుతావని చూశాను.” బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. “కాసేపు చూశాను అక్కా. నువ్వు సీసావైపు చూస్తున్నావు. ఎవరో ఒకళ్ళు జవాబు చెప్పాలి కదా.”

చాప నా మంచం కింద ఉంది. చుట్టి ఇచ్చి వెళ్ళింది. అంచుల్లో ఆకులు వేలాడుతున్నాయి, కత్తిరించవద్దంది.

ఆ రోజు బస్సు కదిలాక ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకు పోయాను. జరిగిందంతా నా చేత్తో రాసి గ్రేమ్ ముందు పెట్టాను. బల్ల మీద చూడటం, మూడు వారాలు వాయిదా వెయ్యడం, కారులో అబద్ధం, ఆసుపత్రిలో మౌనం. వాడు చదివాడు. మళ్ళీ చదివాడు. మడిచి నావైపు తోశాడు.

“ఇది నేను చూడలేదు.”

“చూశావు.”

“డెల్మా, ఇది తీసుకుంటే నీ బొమ్మను పెట్టనిచ్చిందెవరని నన్నడుగుతారు. ఫైలు మూసేశారు. అందరూ సర్దుకున్నారు. నువ్వు గెలిచావు కూడా. ఇంటికి పో.”

చూశారా! ఆ కాగితం అబద్ధంగా ఉంటేనే వాడికీ నాకూ ఇద్దరికీ లాభం. పద్నాలుగేళ్ళు కొట్లాడుకున్న మేమిద్దరం చివరికి ఒకే పక్షాన కూర్చున్నాం, ఆ బల్లకు ఇటొకరూ అటొకరూ.

కాగితం పట్టుకుని బయటికి వచ్చాను. టీ విరామం. ఎప్పటి పెట్టె అక్కడే ఉంది. ఎక్కలేదు. దాని పక్కన నిలబడి చదివాను. నా గొంతు వెనక వరసకు వినబడలేదు. ముందువాళ్ళు వెనక్కి చెప్పారు. ఎవరూ తిట్టలేదు. తిడతారనే సిద్ధపడి వచ్చాను. ఆనా తన కప్పులో టీ నేలమీద పారబోసి, కప్పు కడిగి, బోర్లించింది. గంట కొట్టకముందే అందరూ లేచి పనిలోకి పోయారు. నన్ను పద్నాలుగేళ్ళు చూసిన జనం నా పక్కనుంచి, పెట్టె పక్కనుంచి పోయినట్టే పోయారు.

ఆ కాగితాన్ని యూనియన్ ఆఫీసుకూ కార్మిక శాఖకూ పంపాను. ప్రతినిధి పని వదిలేశాను. ఆనాను ఎన్నుకున్నారు. ఆగస్టులో జవాబొచ్చింది, లోసే పేరు మళ్ళీ జాబితాలో చేర్చారని. నవంబరులో విమానం దిగినవాళ్ళలో లోసే లేదు. మనవరాలు పుట్టిందని, చాప అప్పు తెచ్చి పడుకోబెట్టారని ఆనా చెప్పింది. నాకు కాదు, విన్స్‌కు చెప్పింది.

ఆ సీజను మొదటి పిడుగు పడ్డ రోజు కరెంటు పోయింది. కొత్త యంత్రం ఆగింది. దాని మెయిన్ స్విచ్చు దించి తాళం వేసే పని నాకిచ్చారు, పాత చాకిరీలో మిగిలింది అదే. దించాను. తాళం వేశాను. తాళంచెవి జేబులో పెట్టుకుని వచ్చాను. ఆడవాళ్ళు చీకట్లో వరసగా నిలబడి ఉన్నారు. ఎవరి చెయ్యీ బెల్టు మీద లేదు.

“చెయ్యి పెట్టొచ్చా డెల్మక్కా?” అంది ఆనా.

“ఆ.”

ఆనా దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. చాలాసేపు చూసింది. తర్వాత గోడకున్న చీపురు తీసి, తిరగేసి, దాని కర్రను కొత్త యంత్రం గేటుకీ గుంజకీ నడుమ పెట్టి, దీపాలు వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

నేనూ చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళతోపాటు నిలబడ్డాను.